గోదావరి డెల్టా ఇంటి కరెంటు వాడకానికి మోడల్ కట్టడం: డిమాండ్ రెస్పాన్స్ కోసం సమగ్ర మార్గదర్శి

సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా మీ ఇల్లు ఎంత కరెంటు లాగుతోంది? అందులో ఏ పనిని మధ్యాహ్నానికో, అర్ధరాత్రికో జరపొచ్చు? ఈ రెండింటికీ అంకెల్లో జవాబు చెప్పగలిగితే డిమాండ్ రెస్పాన్స్‌కు కావాల్సిన మోడల్ మీ దగ్గర ఉన్నట్టే. నెలకు ఎన్ని యూనిట్లు కాలాయన్నది బిల్లుకు ముఖ్యం గానీ, ఈ పనికి అంతగా అక్కరకు రాదు. ఇక్కడంతా గడియారంతోనే పని.

డిమాండ్ రెస్పాన్స్ బ్రహ్మవిద్యేం కాదు. గ్రిడ్‌లో కరెంటుకు కటకటగా ఉన్న వేళ ఊళ్లకు ఊళ్లు కోత పెట్టే బదులు, వాడేవాళ్లనే కాస్త తగ్గించుకోమనో, పని వేళ మార్చుకోమనో అడుగుతారు. అలా చేసినందుకు రేటులో తేడా చూపిస్తారు, లేదా డబ్బిస్తారు. చిక్కల్లా ఒక్కటే. మీరు తగ్గించారని తేల్చడం ఎలా? తగ్గించకపోతే ఎంత వాడి ఉండేవారో ఎవరూ చూడలేదు కదా. ఆ చూడని అంకెను నమ్మదగ్గట్టు లెక్కగట్టడమే మోడల్ పని.

సాయంత్రమే ఎందుకంటే, పగలు ఎండ ఉన్నంతసేపూ సోలార్ కరెంటు పుష్కలం. కర్నూలు వైపు ఓర్వకల్లు దగ్గర ఉన్న సోలార్ పార్కు ఒక్కదాని సామర్థ్యమే 1000 మెగావాట్లు. పొద్దు వాలేసరికి అది సున్నా. ఇళ్లల్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, ఏసీలు అప్పుడే మొదలు. ఆ ఖాళీని బొగ్గుతోనో, ఎక్స్ఛేంజిలో, అంటే కరెంటు కొని అమ్మే మార్కెట్లో, కొన్న కరెంటుతోనో పూడ్చాలి. కటకట వేళల్లో ఎక్స్ఛేంజి ధర యూనిట్ 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతుంది. మన కాళ్లకిందే గ్యాసు ఉంది, జేగురుపాడు, విజ్జేశ్వరం, వేమగిరిల్లో గ్యాసు ప్లాంట్లు కట్టారు, సాయంత్రం అవి తిప్పితే పోలేదా అని డెల్టావాళ్లు అడగడం సహజం. కానీ కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రంలో ఉన్న కేజీ-డీ6 క్షేత్రం గ్యాసు కరెంటు ప్లాంట్లకు రావడం 2013లోనే ఆగిపోయింది. అందుకే ఆ దారి ఇరుకైపోయింది.

అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు వైపు ఇళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. చలి దేశాల్లో తయారైన మోడళ్లను తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదు. వాటిలో గది హీటరు, బట్టలారబెట్టే యంత్రం, గిన్నెలు కడిగే యంత్రం పెద్ద లోడ్లు. మనకు ఫ్యాన్లు, మోటారు, ఏసీ, ఇన్వర్టరు. ఒక నోటుపుస్తకం, ఫోన్లో స్టాప్‌వాచ్, గూగుల్ షీట్ ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

1. పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి

మన డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) బిల్లు నెలనెలా వస్తుంది గానీ, రీడింగ్ తీసేవాళ్లు ప్రతి నెలా సరిగ్గా అదే తేదీకి రారు. ఒక నెల 28 రోజులకు, ఇంకో నెల 33 రోజులకు బిల్లు పడుతుంది. కాబట్టి యూనిట్లను రోజులతో భాగించి, రోజుకు ఎన్ని యూనిట్లో రాసుకోండి. ఈ చిన్న పని చేయకపోతే ముందుముందు వేసే గీతలన్నీ వంకరగా వస్తాయి.

పన్నెండు అంకెల్లో అన్నిటికంటే చిన్నది డిసెంబరుకో, ఫిబ్రవరికో పడుతుంది. అదే మీ ఇంటి అడుగు లోడు. జనవరిని మాత్రం గుడ్డిగా నమ్మకండి. సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు దిగితే నాలుగైదు రోజులు ఇంట్లో జనం రెట్టింపవుతారు. అరిసెల పిండి నుంచి గీజర్ దాకా అన్నీ తిరుగుతాయి.

2. వాతావరణాన్ని కలపండి

రోజు సగటు ఉష్ణోగ్రత ఒక వరుసలో, రోజు యూనిట్లు ఇంకో వరుసలో పెట్టండి. దగ్గరి వాతావరణ కేంద్రాలు కాకినాడ, నరసాపురం, మచిలీపట్నంలో ఉన్నాయి. రాజమహేంద్రవరం విమానాశ్రయం లెక్కలూ దొరుకుతాయి. మీ ఇల్లు సముద్రానికి దగ్గరా, దూరమా చూసి ఎంచుకోండి. అంతర్వేదిలో ఉన్నవాళ్లకు రాజమహేంద్రవరం ఎండ పనికిరాదు.

ఒక ఊహా ఇంటిని తీసుకుందాం. పాలకొల్లులో డాబా ఇల్లు. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక మామ్మగారు. చలికాలంలో, సగటు 24 డిగ్రీలప్పుడు రోజుకు 5 యూనిట్లు. మేలో, సగటు 32.5 డిగ్రీలప్పుడు 14.7 యూనిట్లు. 26 డిగ్రీలు దాటాకే వాడకం పెరగడం మొదలవుతుందనుకుంటే, 6.5 డిగ్రీలకు 9.7 యూనిట్లు పెరిగాయి, అంటే డిగ్రీకి ఒకటిన్నర యూనిట్. ఇక 30 డిగ్రీల రోజున ఎంతవుతుందంటే 5 కలిపి 4 సార్లు 1.5, మొత్తం 11 యూనిట్లు. ఆ 26 అన్న అంకెను 24 నుంచి 28 దాకా మార్చి చూసి, దేనితో తప్పు తక్కువగా వస్తే దాన్ని ఉంచుకోండి. షీట్‌లో స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఫంక్షన్లు ఈ పని చిటికెలో చేస్తాయి.

డెల్టాలో రెండు మెలికలున్నాయి. మొదటిది తేమ. 33 డిగ్రీలున్నా పడమటి గాలి వీచే రోజు ఒకలా, గాలి స్తంభించి చొక్కా ఒంటికి అంటుకుపోయే రోజు ఇంకోలా ఉంటుంది. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని నీటిని కూడా పిండాలి. కాబట్టి ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్‌ను (గాలిలోని తేమ నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను) మరో వరుసగా పెట్టండి. ఈ ఒక్క వరుస కలిపితే ఆగస్టు, సెప్టెంబరు లెక్కలు చాలావరకు కుదుటపడతాయి. రెండోది దోమలు. చలికాలంలో దుప్పటి కప్పుకుని మరీ ఫ్యాన్ వేసుకునే ఇళ్లు మనవి. అందుకే చలి పెరిగినా ఫ్యాన్ లోడు సున్నాకు రాదు. గ్రాఫులో గీత ఒకచోట ఠక్కున విరగకుండా మెల్లగా వంగితే కంగారు పడొద్దు.

3. మీటరు లైటుతో వస్తువులను తూకం వేయండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు. పైసా ఖర్చు లేదు. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. దాని పక్కన 3200 అనో, 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఒక యూనిట్ కాలితే లైటు అన్నిసార్లు వెలుగుతుందని దాని అర్థం. మీ మీటరు 3200 రకమైతే, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లో చూసి 1125ను దానితో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. 1600 రకానికి 2250ని భాగించాలి.

ఒక్క మిణుకు కాకుండా పది విరామాలు కొలవండి. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ మాత్రమే నడుస్తుండగా పది విరామాలకు 50 సెకన్లు పట్టిందనుకోండి. ఒక్కోటి 5 సెకన్లు, అంటే 225 వాట్లు. ఇప్పుడు ఎవరినైనా మోటారు వేయమనండి. పది విరామాలూ 9 సెకన్లలో అయిపోయాయి. అంటే 1250 వాట్లు. తేడా 1025 వాట్లు, అది మీ మోటారు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లే కదా అంటారా? అది మోటారు బయటికిచ్చే శక్తి. లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువ. పాతబడి, బేరింగులు అరిగిన మోటారైతే మరీనూ.

ఇలా ఏసీ, గ్రైండర్, ఇస్త్రీ పెట్టె, గీజర్, ఇండక్షన్ పొయ్యి ఒక్కోటీ వేసి చూడండి. ఫ్రిజ్‌ను మాత్రం ఇలా కొలవకండి. దాని కంప్రెసర్ ఎప్పుడు ఆగి ఎప్పుడు తిరుగుతుందో దాని ఇష్టం. ఫ్రిజ్‌కు వాడకం కొలిచే స్మార్ట్ ప్లగ్ పెట్టి రెండు రోజులు వదిలేస్తే సరి. మీటరు మూత తీయడం, మెయిన్ వైరుకు సొంతంగా క్లాంపులు తగిలించడం లాంటి సాహసాలు వద్దు. వానాకాలంలో గోడలు చెమర్చే డెల్టా ఇళ్లల్లో అసలే వద్దు. క్లాంప్ రకం ఎనర్జీ మానిటర్ పెట్టించాలంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మన పాలకొల్లు ఇంట్లో మే నెల రోజు ఇలా తేలిందనుకుందాం. నాలుగు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, పన్నెండేసి గంటలు: 3.6 యూనిట్లు. ఫ్రిజ్ 1.2. ఒకటిన్నర టన్నుల ఏసీ ఎనిమిది గంటలు, సగటున 900 వాట్లు: 7.2. మోటారు నలభై నిమిషాలు: సుమారు 0.67. టీవీ 0.4, లైట్లు 0.45, మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ కలిపి 0.6. వైఫై, ఇన్వర్టరు, రిమోటుతో మాత్రమే ఆపిన టీవీ వగైరాలు రోజంతా తాగే 25 వాట్లు మరో 0.6. మొత్తం 14.7. బిల్లుతో సరిపోయింది. మీకు సరిపోకపోతే ముందు ఫ్యాన్ గంటలను అనుమానించండి. ఎవరిని అడిగినా తక్కువే చెబుతారు.

4. రోజును 48 గళ్లు చేయండి

అరగంటకో గడి. స్మార్ట్ మీటరు ఉన్న ఇంటికి ఈ పని సగం అయిపోయినట్టే. మన దేశ ప్రమాణం ఐఎస్ 16444 ప్రకారం వచ్చే మీటర్లు 15 లేదా 30 నిమిషాల వాడకాన్ని నమోదు చేస్తాయి. స్మార్ట్ మీటరు లేకపోతే ఒక వారం పాటు పెద్ద లోడ్ల వేళలు మాత్రం రాయండి. ఏసీ ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీశారు, మోటారు, గ్రైండర్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ ఎప్పుడెప్పుడు. స్విచ్‌బోర్డు పక్కన కాగితం అంటించి, పెన్ను దారంతో కట్టి వేలాడదీయండి. పెన్ను విడిగా పెడితే మర్నాటికి ఉండదు.

మోటారు వేళను ఇంట్లోవాళ్లు నిర్ణయించరు, చాలా ఊళ్లల్లో పంచాయతీ కుళాయి నిర్ణయిస్తుంది. ఆరింటికి నీళ్లు వదిలితే ఆరుంబావుకు మోటార్లు మోగుతాయి. (కుళాయి లైనుకే మోటారు తగిలించేవాళ్ల సంగతి వేరే చెప్పాలా!) దాళ్వా వరి కోతలయ్యాక కాలువలు కట్టేస్తే మంచినీటి చెరువుల్లో ఉన్న నీళ్లతోనే నెట్టుకురావాలి కాబట్టి కుళాయి వేళలు కుదించుకుపోతాయి. మోడల్లో మోటారును వారం రోజుల సగటుగా కాకుండా, ‘కుళాయి వచ్చిన అరగంటలో’ అన్న నియమంగా రాయండి. కుళాయి వేళ మారితే ఆ ఒక్క అంకె మారిస్తే చాలు.

మేడ మీద సోలార్ ఉన్నవాళ్లు మీటరు చూపించే అంకెను వాడకం అనుకోకూడదు. గ్రిడ్ నుంచి తీసుకున్నదానికి ప్యానెళ్ల ఉత్పత్తి కలిపి, గ్రిడ్‌కు పంపింది తీసేస్తేనే అసలు వాడకం.

5. జరిగేవి, జరగనివి వేరుచేయండి

మోడల్‌కు ప్రాణం ఇక్కడుంది. ప్రతి వస్తువుకూ మూడు ప్రశ్నలు: జరపొచ్చా? ఎన్ని గంటలు జరపొచ్చు? జరిపితే ఎవరికి ఇబ్బంది?

మేలో ఫ్యాన్ జరగదు. వంట వేళ జరగదు. పరీక్షలకు చదివే పిల్లాడి లైటు జరగదు. మోటారు జరుగుతుంది, కానీ ట్యాంకు పెద్దదై ఉండాలి. సంపు ఉండి, మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటే నీళ్లెక్కించే పనిని మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టుకోవచ్చు. వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, దోసెల పిండి రుబ్బడం హాయిగా జరుగుతాయి. అయితే పిండి రాత్రంతా పులవాలి. సాయంత్రం ఏడుకు రుబ్బేదాన్ని నాలుగింటికి రుబ్బొచ్చు, ఉక్కలో అది తొందరగా పొంగుతుందని తెలిసినవాళ్లు ఐదుకు ముందు ఒప్పుకోరు. అలాంటి హద్దులను కూడా షీట్‌లో రాయండి. గీజర్ చలికాలంలోనే, అదీ తెల్లవారుజామునే కాబట్టి సాయంత్రం పీక్‌తో, అంటే వాడకం తారస్థాయికి చేరే వేళతో, దానికి పేచీ లేదు.

చెరువులున్న కుటుంబాలకు ఒక హెచ్చరిక. ఇంటి లోడుతో పాటు రొయ్యల చెరువు ఏరేటర్లనూ ఈ జాబితాలో చేర్చాలనిపిస్తుంది, లోడు పెద్దది కదా అని. రాత్రి గడిచేకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ తెల్లవారుజాముకు అట్టడుగుకు వస్తుంది. ఆ వేళ ఏరేటర్ ఆపితే పంట పోతుంది. ఏరేటర్లను విడిగా, జరగని లోడుగా రాసి వదిలేయండి.

6. ఏసీ గదికి చిన్న ప్రయోగం

ఏసీని మోడల్ చేయాలంటే గది ఎంత తొందరగా వేడెక్కుతుందో తెలియాలి. సాయంత్రం గదిని 25 డిగ్రీలకు చల్లబరిచి ఏసీ ఆపండి. తలుపులు వేసే ఉంచి, ఐదు నిమిషాలకోసారి థర్మామీటరు చూడండి. బయట 31 ఉండగా అరగంటలో గది 27కు వచ్చిందనుకోండి. బయటికీ లోపలికీ ఉన్న 6 డిగ్రీల తేడా 4కు తగ్గింది. అరగంటను, ఆరు బై నాలుగు సహజ లాగరిథంతో భాగిస్తే సుమారు 74 నిమిషాలు. ఇదే ఆ గది కాల స్థిరాంకం. ఇది పెద్దదైతే ఏసీ ఆపినా చల్లదనం నిలుస్తుంది, చిన్నదైతే నిలవదు.

డాబా ఇంట్లో ఈ లెక్క సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య తప్పుతుంది. పగలంతా ఎండకు కాలిన శ్లాబు అప్పుడు వేడిని కిందికి వదులుతుంటుంది. గాలి 31 డిగ్రీలే ఉన్నా గదికి అది 35లా తగులుతుంది. పై అంతస్తు గదికి ‘బయటి ఉష్ణోగ్రత’ గడిలో గాలిది కాకుండా శ్లాబు అడుగు ఉష్ణోగ్రత వేసి చూడండి. పెంకుటింట్లో ఈ బాధ తక్కువ, పెంకు తొందరగా చల్లారుతుంది.

ఇక ముందస్తుగా చల్లబరచడం. ఐదింటికి ఏసీ వేసి గదిని చల్లగా చేసి, పీక్‌లో ఆపేయాలన్న సలహా పొడి ప్రాంతాలకు బాగుంటుంది. మన దగ్గర కంప్రెసర్ ఆగి బ్లోయరు తిరుగుతుంటే కాయిల్ మీది నీళ్లు మళ్లీ ఆవిరై గదిలోకే వస్తాయి. ఉష్ణోగ్రత పెరగకముందే ఉక్క మొదలవుతుంది. అందుకని పూర్తిగా ఆపడం కంటే 24 నుంచి 27కు పెంచి, పైన ఫ్యాన్ వేసుకోవడం మేలు. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది.

అసలు మీ ఇంట్లో ఏసీ ఎప్పుడు వేస్తున్నారో ముందు చూసుకోండి. చాలా ఇళ్లల్లో అది పడకగదిలోనే ఉంటుంది. భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకు వేసి తెల్లవారుజామున తీస్తారు. అలాంటి ఇంట్లో ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా తగ్గించడానికి ఏసీయే లేదు. చేతిలో ఉన్నదల్లా ఆ తొమ్మిదిన్నరను పదికి జరపడమే.

7. కోతలను సున్నాగా రాయొద్దు

కరెంటు పోయిన రెండు గంటలు మీటరు సున్నా చూపిస్తుంది. అది ఇల్లు వాడకూడదనుకున్న సున్నా కాదు. ఆ గళ్లను ఖాళీగా వదిలి ‘కోత’ అని గుర్తు పెట్టండి. లేకపోతే మోడల్ ‘మే రెండో వారంలో ఈ ఇల్లు మధ్యాహ్నం ఏమీ వాడదు’ అని నేర్చుకుని కూర్చుంటుంది.

ఇన్వర్టరు ఉంటే ఇంకో లెక్క. రెండు గంటల కోతలో నాలుగు ఫ్యాన్లు, కొన్ని లైట్లు కలిపి 340 వాట్లు నడిచాయంటే 0.68 యూనిట్. బ్యాటరీలో పెట్టిన దానిలో నూటికి డెబ్బై వంతులే తిరిగొస్తుందనుకుంటే, కరెంటు వచ్చాక అది దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. సాయంత్రం ఐదున కరెంటు వస్తే ఆ ఛార్జింగ్ అంతా పీక్‌లో పడుతుంది. మోడల్లో ఇన్వర్టరుకు సొంతంగా ఒక వరుస ఉండాలి. ముందు రెండు గంటల్లో కోత ఉంటే ఇంత, లేకపోతే ఇంత అని.

8. బేస్‌లైన్ కట్టండి

ఈవెంట్ రోజున, అంటే తగ్గించమని కబురొచ్చిన రోజున, మామూలుగా అయితే ఎంత వాడేవారో చెప్పేదే బేస్‌లైన్. ఎక్కువ చోట్ల వాడే పద్ధతి తేలిక. అంతకుముందు పది మామూలు రోజులు తీసుకోండి. కోతలున్నవి, పండగలు, ఇంట్లో పెళ్లి, ఊరెళ్లిన రోజులు తీసేయండి. పదిలో ఎక్కువ వాడిన ఐదింటి సగటు తీయండి.

మన ఇంట్లో సాయంత్రం 6–10 మధ్య ఆ ఐదు రోజులు 2.6, 2.9, 2.4, 2.7, 2.9 యూనిట్లు. సగటు 2.7. ఈవెంట్ రోజు మరింత ఉక్కగా ఉందేమో? మధ్యాహ్నం 2–4 మధ్య మామూలుగా 1.1 వాడే ఇల్లు ఆ రోజు 1.2 వాడింది. అంటే 1.09 రెట్లు. సవరణగా దాన్ని 2.7తో గుణిస్తే 2.94. సాయంత్రం నిజంగా వాడింది 2.1. తగ్గించింది 0.84 యూనిట్, నాలుగు గంటల మీద సగటున 210 వాట్లు. తర్వాత పది నుంచి పన్నెండు దాకా మామూలు కంటే 0.5 యూనిట్ ఎక్కువ లాగింది. ఆగిన పనులన్నీ అప్పుడు మొదలయ్యాయి మరి. నికరంగా మిగిలింది 0.34. ఈ ఎదురుపోటును రాయని లెక్కను నమ్మకండి.

ఒక లొసుగు కూడా ఉంది. కబురు మధ్యాహ్నం ఒంటిగంటకే వచ్చి, మీరు 2–4 మధ్య ఏసీ, గ్రైండరు, ఇస్త్రీ అన్నీ నడిపించేస్తే ఆ 1.09 కాస్తా 1.5 అవుతుంది, బేస్‌లైన్ ఉబ్బుతుంది, ఏమీ తగ్గించకపోయినా తగ్గించినట్టు కనబడుతుంది. సవరణకు వాడే గంటలు ఎప్పుడూ కబురు రాకముందువై ఉండాలి. సవరణను 20 శాతానికి మించనీయకపోవడం కూడా మంచిది.

9. వీధి లెక్కలోకి వెళ్లండి

ఒక్క ఇంటి 210 వాట్లు గ్రిడ్‌కు ఆనవు. లెక్కకొచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ స్థాయిలో. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద యాభై ఇళ్లున్నాయనుకుందాం. ఒక్కో ఇల్లు గరిష్ఠంగా 3 కిలోవాట్లు లాగగలదు, మొత్తం 150. అయినా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం లేదంటే అందరూ ఒకేసారి లాగడం లేదు కాబట్టే. మోడల్లో పట్టుకోవాల్సింది ఈ ‘ఒకేసారి’ని.

మోటార్లతో లెక్క చూద్దాం. యాభై ఇళ్లు, ఒక్కో మోటారు కిలోవాట్, నలభై నిమిషాలు. ఐదున్నర నుంచి ఎనిమిది మధ్య ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వేసుకుంటే, సగటున ఒక క్షణంలో పదమూడు తిరుగుతుంటాయి. కుళాయి ఆరింటికి వదిలి, అందరూ ఇరవై నిమిషాల్లో స్విచ్ వేస్తే ఆరూ ఇరవైకి యాభయ్యీ తిరుగుతాయి. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) 0.85 అనుకుంటే 63 కేవీఏ అంటే 53 కిలోవాట్లే. మోటార్లతోనే నిండిపోయింది. వీధి చివరి ఇంట్లో ఫ్యాన్ ఎందుకు నీరసంగా తిరుగుతోందో ఇప్పుడు తెలుస్తుంది.

కోత తర్వాత కరెంటు వచ్చిన క్షణం ఇంకా గడ్డు. ఏసీ స్టెబిలైజర్లలో కంప్రెసర్‌ను కాపాడడానికి సుమారు మూడు నిమిషాల ఆలస్యం పెడతారు. ఆ ఏర్పాటు మంచిదే, కానీ వీధిలో అన్నిటికీ అదే మూడు నిమిషాలు. మూడో నిమిషం చివర ఏసీలన్నీ కూడబలుక్కున్నట్టు లేస్తాయి, ఇన్వర్టర్లు అప్పటికే ఛార్జింగ్‌లో ఉంటాయి. షీట్‌లో చీటీ తీసినట్టు అంకెలిచ్చే ర్యాండ్ ఫంక్షన్‌తో ఒక్కో ఇంటికి 3 నుంచి 20 నిమిషాల మధ్య వేర్వేరు ఆలస్యం ఇచ్చి చూడండి, కొండలా లేచిన గీత చదునవుతుంది.

పొరుగువాళ్ల లెక్కలు తీసుకునేటప్పుడు వీధి మొత్తాన్నే తీసుకోండి. అరగంట లెక్క చూస్తే ఆ ఇంట్లో ఎప్పుడు ఎవరూ ఉండరో ఎవరికైనా తెలిసిపోతుంది.

10. రూపాయల్లోకి మార్చండి

2022 నుంచి ఉన్న గృహ స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. మన ఇంటి మే వాడకం 441 యూనిట్లు, ఇంధన సర్దుబాటు వగైరాలు కాకుండా సుమారు 2,950 రూపాయలు. స్లాబు బిల్లుకు గడియారం తెలియదు. సాయంత్రపు యూనిట్‌ను మధ్యాహ్నానికి జరిపితే పైసా మిగలదు.

2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు దీన్ని మార్చే దారి వేశాయి. వ్యవసాయం తప్ప మిగతా వినియోగదారులకు 2025 ఏప్రిల్ 1 నుంచి, స్మార్ట్ మీటరు పెట్టాక, వేళను బట్టి రేటు ఉండాలన్నాయి. సోలార్ గంటల్లో కనీసం 20 శాతం తక్కువ, పీక్‌లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. ఏయే గంటలన్నది రాష్ట్ర నియంత్రణ మండలి తేల్చాలి. మామూలు రేటు 6 రూపాయలనుకుంటే సోలార్ వేళ 4.80, పీక్‌లో 6.60. మోటారును పీక్ నుంచి మధ్యాహ్నానికి జరిపితే నెలకు మిగిలేది 36 రూపాయలు.

ముప్పై ఆరు రూపాయల కోసం ఎవరూ రోజూ గడియారం చూస్తూ కూర్చోరు. అందుకే నా మాట ఇది: మోటారుకు టైమర్ స్విచ్ ఒకటి పెట్టి మరిచిపోండి, మామ్మగారి గది ఫ్యాన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఆ నాలుగు పాత ఫ్యాన్లనూ 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారున్న) ఫ్యాన్లుగా మార్చి చూడండి. రోజుకు 2.16, నెలకు 65 యూనిట్లు తగ్గుతాయి. మే బిల్లులో పై స్లాబుల నుంచి పోతాయి కాబట్టి సుమారు 600 రూపాయలు. పీక్‌లో నాలుగూ తిరుగుతుంటే 180 వాట్లు తగ్గినట్టే. ఈవెంట్ రోజు అన్నీ సర్దుకుని, చెమటలు కక్కి సాధించినవి 210 వాట్లు.

11. ఉత్తుత్తి ఈవెంట్లతో పరీక్షించండి

కబురేమీ రాని మామూలు రోజులు కొన్ని తీసుకుని, ఆ సాయంత్రాలు ఈవెంట్ ఉన్నట్టే బేస్‌లైన్ లెక్కగట్టండి. ఎవరూ ఏమీ తగ్గించలేదు కాబట్టి తేడా సున్నాకు అటూఇటూ రావాలి. ప్రతిసారీ బేస్‌లైన్ 0.3 యూనిట్ ఎక్కువే చూపిస్తుంటే, పెద్ద ఐదు రోజులనే ఎంచుకోవడం వల్ల వచ్చిన పొంగు అది. మొన్నటి 0.84లోంచి ఆ 0.3 తీసేసి మాట్లాడండి. తేడా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంటే అది ఇంటి మామూలు ఒడుదుడుకు. అరగంట గడిలో ఒక్క ఇంటి అంచనా ఘోరంగా తప్పినా టెన్షన్ పడక్కర్లేదు, గ్రైండర్ ఏడింటికి కాకుండా ఏడున్నరకు వేస్తే చాలు ఆ గడి తప్పడానికి. నాలుగు గంటల మొత్తాన్ని చూడండి. ఇంకా మంచిది, వీధి మొత్తాన్ని చూడండి.

మోడల్‌ను ఏడాదికి కనీసం మూడుసార్లు తిరగరాయాలి: కాలువలు కట్టేసి కుళాయి వేళలు మారినప్పుడు, తొలి వానలు పడి ఏసీ గంటలు తగ్గినప్పుడు, చలి మొదలై గీజర్లు వేసినప్పుడు. బడులు తెరిచే వారం కూడా గుర్తుంచుకోండి, ఉదయం పనులన్నీ ఒక గంట ముందే మొదలవుతాయి. జూన్ ఈవెంటుకు మే రోజులతో బేస్‌లైన్ కట్టొద్దు. కొత్త కాలం మొదలయ్యాక పది మామూలు రోజులు పోగయ్యేదాకా ఆగి, అప్పుడు కట్టండి.